ఎండాకాలం గుండు కుదరదండీ

ఏప్రిల్ దాటితే బెజవాడ చుట్టుపక్కల ఇళ్లలో పిల్లల తలలు నున్నబడతాయి. మొక్కూ తీరుతుంది, తలా చల్లబడుతుంది. అదే లెక్క ఇంట్లో కుక్కకీ వేస్తారు. హస్కీనో పొమరేనియన్‌నో తెచ్చి బల్ల మీద నిలబెట్టి, "బాబూ, దీనికి గుండు గీకెయ్యి, పాపం ఉడికిపోతోంది" అంటారు. మైలవరంలో కుక్కల గ్రూమింగ్ మొదలుపెడదామనుకునే కుర్రాడు ముందు నేర్చుకోవాల్సింది ఈ బేరాన్ని వదులుకోవడం.

హస్కీ, పొమరేనియన్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, వీటన్నిటికీ రెండు వరసల బొచ్చు ఉంటుంది. పైన ముతక వెంట్రుకలు, అడుగున దూదిలాంటి నూగు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. చెమట గ్రంథులు పనిచేసేది ముఖ్యంగా పాదాల అడుగున. మిగతా వేడినంతా నాలుక చాపి వగర్చి వదిలించుకోవాల్సిందే. అందుకే గుండు గీసినందువల్ల దానికి ఒరిగేది తక్కువ. మే నెల ఎండ మాత్రం నేరుగా చర్మానికి తగులుతుంది. గీసిన బొచ్చు మళ్లీ రావడానికి నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది దాటినా అతుకులు అతుకులుగానే వస్తుంది. ఆ కుక్కకి కావాల్సింది ఊడి లోపలే చిక్కుకున్న నూగుని ఓపిగ్గా దువ్వి తీయడం. గంటసేపు దువ్వితే గంపెడు బొచ్చు వస్తుంది, గాలి చర్మందాకా పోతుంది. యజమానికి మాత్రం డబ్బులిచ్చినా కుక్క అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది! ఈ వృత్తిలో అసలు చిక్కు అదే.

షిట్జు, లాసా, పూడుల్ సంగతి వేరు. వాటి జుట్టు మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తెర పడాలి. నికరంగా తిరిగొచ్చే బేరం వీటిదే. ఇప్పుడు షోకుగా కనిపించే పూడుల్ కటింగ్ కూడా ఒకప్పటి పని అవసరమే. అది నీళ్లలో దూకి, వేటాడిన పక్షుల్ని తెచ్చే కుక్క. ఈతకి అడ్డం రాకుండా జుట్టు తీసేసి, చలి తగలకుండా ఛాతీ మీదా కీళ్ల దగ్గరా ఉంచేవాళ్లు.

కొల్లేటి ప్రాంతానికీ ఓ నీటి కుక్క ఉంది. దాని పేరు జోనంగి. బాతుల మందల్ని కాయడం దాని వృత్తి. మొరగడం కన్నా రాగం తీసినట్టు అరవడం దాని అలవాటు. ఒంటికి అంటుకుపోయినంత పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. తడిగుడ్డతో తుడిస్తే దాని సింగారం అయిపోయినట్టే. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పెరిగాక దానికి పనీ తగ్గింది. ఈ నేల వాతావరణానికి తగ్గ కుక్కని పక్కనపెట్టి సైబీరియా కుక్కకి ఏసీ గది కట్టడం ఏం తెలివో ఈ కాలమ్‌కి అర్థం కాదు. అయితే గ్రూమర్‌కి కూడు పెట్టేది ఆ సైబీరియా కుక్కే.

ఇక ఇంట్లోవాళ్లు. మైలవరం ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న ఊరు. "ఏరా, బీటెక్ చదివి కుక్కలకి క్షవరం చేస్తావా?" అని తల్లి అడిగితే ఆమె బాధ కుక్కల గురించి అనుకోవడానికి వీల్లేదు. మంగలి పనినీ చాకలి పనినీ తక్కువ చేసి చూసే పాత రోగం అది. ఆ రెండు పనులూ కలిపి చేసేవాడు ఈ మాట పడక తప్పదు, పట్టించుకోకుండానూ ఉండాలి.

పని నేర్చుకునే చోటు ఊళ్లో దొరకదు. హైదరాబాద్, బెంగళూరు వెళ్లి కోర్సు చేసినా, మంచి గ్రూమర్ దగ్గర కొన్నాళ్లు స్నానాలు చేయిస్తూ ఉండటం మేలు. చెయ్యి కుదిరేది అక్కడే. మన చర్మం పీహెచ్ 5.5 దగ్గరుంటే కుక్కది 7 చుట్టూ ఉంటుంది, అందుకే మన షాంపూ దానికి పనికిరాదు. డెల్టా ఉక్కలో అడుగు నూగు తడిగా మిగిలితే పుండ్లు పడతాయి, కాబట్టి కడగడం కన్నా ఆరబెట్టడానికే ఎక్కువసేపు పడుతుంది. బ్లోయర్ హోరుకి బెదిరే కుక్కని నెమ్మదిగా అలవాటు చేయాలి. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కువాటిని మాత్రం వేడిగాలి పెట్టి బోనులో వదిలేసి టీకి పోకూడదు, వడదెబ్బ కొట్టి ప్రాణం మీదికొస్తుంది. గోళ్లు తెల్లగా ఉంటే లోపలి రక్తనాళం గులాబీ రంగులో కనిపిస్తుంది. నల్ల గోళ్లయితే కొంచెం కొంచెంగా కోస్తూ, కోసిన చోట నడిమధ్య నల్లచుక్క కనపడగానే ఆగాలి.

పిడుదుల దగ్గర ఇంకో తకరారు. "ఎలాగూ చేతిలో ఉందిగా, ఓ ఇంజెక్షన్ వేసెయ్యి" అంటారు. వెయ్యకూడదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది నమోదైన పశువైద్యుడే. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా, బబేసియా జ్వరాలు కుక్క ప్రాణాలు తీస్తాయి. జిగురుకళ్లతో, పాలిపోయిన చిగుళ్లతో వచ్చిన కుక్కని ఊళ్లో పశువైద్యుడి దగ్గరికో, గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో పంపాలి. ఇంకోటి, పిడుదు గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు. కిందికి దిగి గోడ పగుళ్లలో వేలకొద్దీ పెడుతుంది. ఆ సంగతి చెప్పకుండా స్నానం చేయించి పంపితే, వారం తిరక్కుండా "నీ షాంపూ మంచిది కాదు" అంటారు.

తన ఒంటి సంగతీ చూసుకోవాలి. రేబిస్‌కి కుక్క కరవకముందే వేయించుకునే టీకా ఉంది. జంతువులతో మెలిగే పనివాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసేది అదే. అది వేయించుకున్నా, పన్ను దిగితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఒక్క మైలవరం బేరాలతో బండి నడవడం కష్టం. జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా గొల్లపూడి అపార్టుమెంట్ల దాకా తిరగాలి. బల్ల, క్లిప్పర్, బ్లోయర్ బండి మీద పట్టేటట్టు చూసుకుంటే అద్దె గదిని తర్వాత ఆలోచించుకోవచ్చు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. బొమ్మల తయారీ ఉంది కాబట్టి దారిలోని కొండపల్లివాళ్లకి చోటుంది. క్షురకులూ రజకులూ ఉన్నారు. కుక్కల గ్రూమర్ లేడు. మిగిలింది ముద్ర రుణం. అందులో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు అడగొచ్చు. దరఖాస్తులో 'వ్యాపారం' అన్న గడి ఎలా నింపాలో బ్యాంకువాళ్లనే అడిగి రాయించుకోవడం నయం.