స్త్రీజితశబ్ద విచారము

ఒక బాధకు భాషలోఁ బేరు లేనిచో ఆ బాధయే లేదనుకొనుట లోకస్వభావము. పేరుండియు నది బాధపడువానినే నిందించునదైనచో, ఆ బాధను బయటఁ జెప్పుకొనువాఁడే యుండఁడు. భార్యచేత హింసింపఁబడు భర్త విషయమున మన భాష చేసినది యీ రెండవ పని. కొట్టి తిట్టు నాఁడుదానికి "గయ్యాళి" యను పదము కలదు. దెబ్బలు తినువానికి "చవట", "దద్దమ్మ", "చేతఁగానివాఁడు" అను మాటలు కలవు గాని, వాని బాధను మాత్రము చెప్పు మాట కానరాదు. సంస్కృతమునను వానికి మిగిలిన ప్రసిద్ధమైన పేరు "స్త్రీజితుఁడు" అనునదియే. ఈ శబ్దము శాస్త్రములం దెట్లు చెల్లినది, కావ్యార్థగ్రహణమున నే త్రోవఁ బట్టించినది యను విషయము విమర్శింపఁదగి యున్నది.

స్త్రీజితపదము తృతీయాతత్పురుషము. "జి" ధాతువుపై నున్న క్తప్రత్యయము కర్మార్థమున వచ్చినది. స్త్రీ కర్త, పురుషుఁడు కర్మ. వ్యాపారము కర్తయందును, తత్ఫలము కర్మయందును ఉండునని వైయాకరణుల సిద్ధాంతము. దీనినిబట్టి కర్మ యైనవానికి ఫలమగు దుఃఖమే గాని దోషము రాఁదగదు. వ్యవహారమున జరిగినది దీనికి విరుద్ధము. మనుస్మృతి నాలుగవ యధ్యాయమున ఎవరి యన్నము తినరాదో లెక్కించుచు, దొంగ మొదలగువారి వరుసలో స్త్రీజితునిఁ జేర్చినది. యాజ్ఞవల్క్యస్మృతి యాచారాధ్యాయమును అట్లే చేసినది. వ్యాపారము వేఱొకరిది, వెలి మాత్రము వీనిది.

స్త్రీజితుఁడనఁగా కామపరవశుఁడై భార్య చెప్పినట్లాడువాఁడే గాని, ఆమెచే దెబ్బలు తినువాఁడు కాఁడని యాక్షేపింపవచ్చును. స్మృతికర్తల యుద్దేశ మదియే కావచ్చును. అయినను ఊరివారి కంటికి మోహముచే వంగినవాఁడును, భయముచే వంగినవాఁడును ఒకఁడే. ఇరువురను వేఱుచేయు మాట లేకపోవుటచే మొదటివానికిఁ గట్టిన నింద రెండవవానికిని అంటుకొన్నది. ఇది మన దేశమునకే ప్రత్యేకము కాదు. ఇంగ్లాండు పల్లెలలోఁ బూర్వము భార్యచే దెబ్బలు తిన్న మగనిని, లేదా వానికి మాఱుగా నొక పొరుగువానిని, వెనుకకు మొగముంచి గుఱ్ఱముపైనో గాడిదపైనో కూర్చుండఁబెట్టి, పాత్రలు వాయించుచు ఊరేగించు నాచార ముండెను. హోగార్తను చిత్రకారుఁడు 1726లో దానిని చెక్కడపు బొమ్మగా వేసెను. దెబ్బ తిన్నవాఁడే నవ్వులపా లగుట యచ్చటను గానవచ్చుచున్నది.

అయినను మన పూర్వశాస్త్రములలో వేఱొక త్రోవ లేకపోలేదు. శామశాస్త్రి 1909లో మైసూరునఁ బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, ధర్మస్థీయాధికరణమందు, "స్త్రీవిప్రకారము" అను మాట కలదు. భార్య చేయు విప్రకారము కారణముగా పురుషుఁడు మోక్షము, అనఁగా వివాహబంధమునుండి విడుదల, కోరినయెడల తాను బుచ్చుకొన్నదానిని ఆమెకుఁ దిరిగి యీయవలెనని విధి. విప్రకారమన్నది వి, ప్ర యను రెండుపసర్గలతోఁ గూడిన కృఞ్ ధాతువునుండి పుట్టినది, అపకారమని యర్థము. అది జరిగిన క్రియను జెప్పునే గాని, పడినవాని మొగమునఁ గళంకము పూయదు. కౌటిల్యుని విధి సర్వోత్తమమని దీని భావము కాదు. ధర్మవివాహములకు మోక్షము లేదని యాతఁడే చెప్పెను. వినయము నేర్పుటకై భార్యను మూఁడు దెబ్బలు కొట్టుటకు భర్తకు ననుజ్ఞయు నిచ్చెను. ఆ భాగము నేఁడు త్యాజ్యము. గ్రహింపఁదగినది యొక్కటే: స్త్రీజితశబ్దము మనిషికిఁ బేరు పెట్టినది, విప్రకారశబ్దము పనికిఁ బేరు పెట్టినది.

ఈ భేదమును కావ్యమున నిలిపి చూచుటకు తుంగతుర్తి ప్రాంతమువారు దూరము పోనక్కఱలేదు. ఆ ప్రాంతమును గలిగిన సూర్యాపేట జిల్లాలోనే, సూర్యాపేట పట్టణము చెంత, కాకతీయ సామంతులగు రేచర్ల రెడ్ల యాలయములకుఁ బేరుగన్న పిల్లలమర్రి కలదు. ఆ గ్రామనామమే యింటిపేరుగాఁ గల పినవీరభద్రుఁడు పదునేనవ శతాబ్దమున జైమినిభారతమును దెనిఁగించి సాళువ నరసింహరాయల కంకిత మిచ్చెను. జైమినీయమందలి యుద్దాలకుని కథ పండితులకుఁ బరిచితమే. అతని భార్య చండి. అతఁడు చేయుమన్నది చేయదు, వలదన్నది చేయును. చిక్కి శల్యమైన యతనిని జూచి కౌండిన్యుఁడు కారణ మడుగఁగా, ఉద్దాలకుఁడు దాఁపక చెప్పెను. కావలసినదానికి విపరీతముగాఁ బలుకుమని యాతఁ డుపాయము నేర్పెను. పితృశ్రాద్ధము దినమెల్ల నట్లే నడచి, కడపట నొక్కమాట యేమఱి, పిండములను నీట విడువుమనెను. ఆమె పెంటపైఁ బాఱవైచెను. అతఁడు శిలవు కమ్మని శపించెను. అర్జునుఁడు యాగాశ్వము వెంట వచ్చినపుడు ఆమెకు శాపవిముక్తి.

ఈ కథను హాస్యముగాఁ జదువుట లోకపు వాడుక. ఉద్దాలకుని స్త్రీజితునిగాఁ జూచువారికి నవ్వు వచ్చును. విప్రకారము పొందినవానిగాఁ జూచువారికి నవ్వు నిలువదు. తనకుఁ గావలసినదానిని సూటిగా నడుగ నోరు లేక, ప్రతిమాటను దిరుగవేసి పలుకుచు బ్రతుకువానికి ఇల్లు ఇల్లు గాదు. అతఁడు నోరు తెఱచి చెప్పిన దొక్కనితోనే. ఆ యొక్కఁడును నవ్వక వినుట మేలే. కాని యాతఁడు నేర్పినది భయమును దాఁచుకొను నేర్పే గాని భయమును దీర్చు మార్గము కాదు. చండి మనసులో నేమున్నదో యడిగినవాఁడును లేఁడు. కావుననే అణఁచిన దుఃఖము శాపమై, మనిషిని ఱాతిగా మార్చినది. వినువారు లేని బాధ తుదకుఁ గ్రౌర్యముగాఁ బరిణమించు ననుట యీ కథ సారము. శాపమును సమర్థించుట యిందు కర్తవ్యము కాదు. అది పుట్టిన త్రోవను గుర్తించుట కర్తవ్యము.

నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ పాదతాడనమును ఇచ్చట నెదురు చూపుదురు. కృష్ణుఁడే తన్నుఁ దినియు సంతోషింపఁగా, ఇతరులకు బాధ యేమని వారి వాదము. అది ప్రణయకలహము. కృష్ణుఁడు భయపడలేదు, ఆమె పాదము నొచ్చెనేమో యని లాలించెను. భయ మెచ్చట నున్నదో యచ్చట శృంగారము లేదు. ప్రణయకోపమునకును విప్రకారమునకును భేదకము భయమే. ఒకదాని నుదాహరించి రెండవదానిని నవ్వులపాలు చేయుట రసజ్ఞత కాదు.

ఇఁక నొక గట్టి యాక్షేపము కలదు. ఇండ్లలో హింసపడువారు మిక్కిలిగా స్త్రీలే గదా యని. నిజము. 2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 18–49 ఏండ్ల వివాహితలలో నూటికి ఇంచుమించు 29 మంది భర్తవలన హింస పొందినవారే. తుంగతుర్తి 1978లోను, 1983లోను మల్లు స్వరాజ్యమును శాసనసభకుఁ బంపిన తావు. స్త్రీల బాధను దక్కువచేయు మాట యచ్చట చెల్లదు, మఱెచ్చటను చెల్లరాదు. అయినను ఒకరి గాయమును జూచుటకు మఱియొకరి గాయమును గప్పనక్కఱలేదు. ఆ సర్వేలోనే, తాము భర్తను గొట్టినది కలదా యని స్త్రీల నడిగిరి; దెబ్బ తింటిరా యని పురుషుల నడుగలేదు.

నేఁటి చట్టములందును రెండు శబ్దముల త్రోవలు కానవచ్చును. 2005 నాఁటి గృహహింస చట్టమున రక్షణ కోరఁదగిన బాధితురాలు స్త్రీయే. 1955 నాఁటి హిందూ వివాహచట్టమున "క్రూరత" యన్నది క్రియను జెప్పు మాట. 1976 సవరణతో నది యాలుమగ లిరువురకును విడాకులకుఁ గారణ మైనది. 1975లో సుప్రీంకోర్టు ఒక భర్త వ్యాజ్యమున, భార్య చేసినది క్రూరతయే యని నిర్ణయించియు, పిమ్మటఁ గాపురము సాగించుటచే నాతఁడు దానిని క్షమించినట్లే యని కోరిన విడుదల నీయలేదు. సహించుట క్షమగా లెక్కకు వచ్చునపుడు, సిగ్గుచే నోరు మూసికొన్నవానికిఁ గలుగు నష్ట మెంతటిదో దీనివలనఁ దెలియును.

కావున పాఠశాలాపండితులు ఉద్దాలకుని కథ చెప్పునపుడు, ఇతఁడు స్త్రీజితుఁడని చెప్పి నవ్వించి విడువరాదు. ఇచ్చట జరిగిన విప్రకార మేది, దానిని విన్నవా రెవరు, వినవలసినవా రెవరు అని విద్యార్థుల నడుగవలెను. అట్టి ప్రశ్న విన్న బాలుఁడు పెరిగి పెద్దవాఁడై, పొరుగింటివాఁడు తన దుఃఖము చెప్పవచ్చినపుడు "చవట" యనక, కూర్చుండుమని పీఁట వేయును.