ఉప్పుగాలిలో తేనె

ఓ తేనెటీగా, నీకున్నది సగం లోకమే. ఉప్పాడ ఒడ్డున, కొబ్బరి నీడలో నీ పెట్టె. తూర్పున ఎంత దూరం ఎగిరినా ఒక్క పువ్వు లేదు, అంతా నీళ్లే. లోపలి ఊళ్లలో నీ జాతివాళ్లు నాలుగు దిక్కులా తిరిగి తెచ్చుకుంటారు. నువ్వు పడమట దొరికినదానితోనే పట్టు నింపుకోవాలి. ఆ సగంలోనే వేపలు, మునగలు, ఇసుక నేలల్లో జీడిమామిడి, నెలకో పూగెల తొడిగే కొబ్బరి. ఆ సగంతోనే నీ సంసారం పొంగి పొర్లుతోంది. నీకు దండం.

ఫాల్గుణం చివర, మామిడి పూత పిందె కట్టి వేప పూత రాలుతున్న రోజుల్లో, మావయ్య పెరట్లో పెట్టెలు విప్పి చూస్తారు. చీమలు ఎక్కకుండా పెట్టె కోళ్ల కింద నీళ్లు పోసిన చిప్పలు. చేతిలో రాజుకున్న కొబ్బరి పీచు. "అరటిపండు తిన్నావేంట్రా? తింటే చేతులూ మూతీ కడుక్కునిరా" అంటారు ముందుగానే. ఆ మాటలో ఎంతో ఎరుక ఉంది. కుట్టినప్పుడు తోటివాళ్లను పిలవడానికి నువ్వు వదిలే వాసనా, మాగిన అరటిపండు వాసనా ఒకటే పదార్థానివి. రావులపాలెం గెలలు తిని పెరిగిన ఈ గోదావరి సీమలో, నీ కోపానికీ అరటిపండు వాసనే ఉండడం నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం.

రెండు ఊదుల పొగ. మూత లేచింది. పైన తేనె అర, కింద పిల్లల అర, అందులో ఏడు చట్రాలు. గత శతాబ్దం మొదట్లో దక్షిణాదిలో పనిచేసిన ఫాదర్ న్యూటన్ నీ చిన్న ఒంటికి సరిపడేలా కొలిచి చేసిన పెట్టె ఇది. చట్రం ఎత్తి ఎండకు పట్టి చూస్తాం. రాణి కళ్లబడాలని లేదు. గది అడుగున నిటారుగా నిలబడ్డ తెల్లటి గుడ్డు ఒక్కటి కనబడితే చాలు, ఆవిడ నిన్నో ఇవాళో ఇటు నడిచి వెళ్లిందన్నమాట. మూడో రోజుకి ఆ గుడ్డు పక్కకు వాలిపోతుంది. చట్రం అంచున పోతుటీగల గదులు కాస్త ఉబ్బెత్తుగా, ఒక్కో మూత నడుమ సూదిమొన పట్టేంత రంధ్రంతో ఉంటాయి. ఆ రంధ్రం మన నాటు ఈగవైన నీ జాతి ముద్ర, పరదేశం నుంచి తెచ్చి పెంచే ఇటలీ ఈగల పట్టులో అది కనిపించదు. పోతుటీగలు పెరిగాయంటే కొత్త రాణి పుట్టే రోజులు, పట్టు రెండుగా చీలే రోజులు దగ్గరపడ్డాయని మావయ్య లెక్క.

ఈ ఊరి నేతచీర ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద ఇద్దరు కూర్చుని ఒక్కో పువ్వునూ చేత్తో పొదుగుతారు, చీర తిరగేసినా అదే పువ్వు. నీ పట్టూ అంతే. రెండు వైపులా ఒకటే పనితనం. ఇటు గది అడుగు అటున్న మూడు గదుల అడుగులకు ఆనుకుని ఉంటుంది. చీకట్లో, ఒకరినొకరు పట్టుకు వేలాడుతూ, సొంత ఒంట్లోంచి చెమర్చిన మైనంతో కట్టావు దీన్ని. ఆ నేతగాళ్లకు పెట్టే నమస్కారమే నీకూ.

ఇక నీ నాట్యం. దాన్ని చదివినందుకు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పట్టు మీద నిట్టనిలువుగా పైకి నడిచావంటే పూలు సూర్యుడున్న దిక్కున ఉన్నాయని, కిందికి నడిచావంటే సూర్యుడికి వీపు పెట్టి వెళ్లమని. ఉప్పాడలో పొద్దుటి సూర్యుడు సముద్రం మీద ఉంటాడు, పూలేమో పడమట. అందుకే ఇక్కడ తొలిపూట నీ నాట్యం నేలచూపుతో సాగుతుంది. సాయంత్రం సూర్యుడు పొలాల వైపు దిగేసరికి అదే వేపచెట్టుకు, అదే దారికి, నీ నడక ఆకాశం వైపు తిరుగుతుంది. సముద్రం దారి మాత్రం నువ్వు ఏ పూటా చెప్పవు.

మధ్యాహ్నం వాకిట్లో వరుసగా నిలబడి రెక్కలతో విసురుతావు. ఇటలీ ఈగ గుమ్మం వైపు ముఖం పెడుతుంది, నువ్వు బయటికి పెడతావు. ఈ పెట్టె వాకిలి తూర్పుకి. అంటే సముద్రాన్ని ఎదురుగా చూస్తూ విసురుతావు. పిల్లల అర 35 డిగ్రీల దగ్గర నిలిచేదాకా, మకరందంలోని నీరు ఐదో వంతుకు దిగి తేనె అయ్యేదాకా.

ఆ సముద్రం ఊరుకునేది కాదు. ఉప్పాడలో ఇళ్లను, వీధులను, గుళ్లను తనలో కలుపుకుంది. రాళ్లు పోసి కాపాడుతున్నా కాకినాడ బీచ్ రోడ్డును తుపాను తుపానుకీ కొరుకుతూనే ఉంది. ఒడ్డున ఒక కొబ్బరి వేళ్లు తేలి ఒరిగిందంటే ఏడాదికి పన్నెండు పూగెలలు పోయినట్టే. నీ రెక్కకు అందేది కిలోమీటరు, కిలోమీటరున్నర. అందులో సగం ముందే నీళ్లపాలు, మిగిలిన సగమూ ఏటేటా తరుగుతోంది. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ జబ్బు దక్షిణాది అంతటా నీ వాళ్లను ఊడ్చేసింది. దాన్ని తట్టుకుని మిగిలిన తల్లుల బిడ్డవు నువ్వు. ఆకలైతే, అలజడైతే గూడు వదిలి లేచిపోయే అభిమానం నీది. ఈ ఊరి నుంచి నువ్వు లేచిపోతావంటే నా మనసు ఒప్పదు.

మావయ్య తేనె అరలో మూతపడ్డ చట్రాలే తీస్తారు. పిల్లల అర చుట్టూ ఉన్న తేనె మీ తిండి, దాన్ని ముట్టరు. ఈ కాలపు తేనెలో చివర వేప చేదు నాలుకకు తగులుతుంది. నాకు అదే ఇష్టం.

దాళ్వా చేలకు, తోటలకు మందు కొట్టే రైతన్నలారా, పొద్దుగూకి ఈగలు గూటికి చేరాక కొట్టండి. చెట్టు తొర్రలోనో గోడ సందులోనో పట్టు కనబడితే కాగడా పెట్టకండి. సముద్రం ఒక కొబ్బరిని తీసుకెళితే, గట్టుకు ఇవతల ఒక వేప, ఒక కానుగ నాటండి.