గోరింటాకు లెక్క

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో ఉండేది రెండు మూడు వారాలే. గోటి మీద మాత్రం గోరు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. చర్మం పైపొర రాలిపోయే కొద్దీ చేతిలో చందమామ వెలిసిపోతుంది. గోటికి పట్టిన ఎరుపు అలా వెలిసే రకం కాదు. గోరుతో పాటే ముందుకు జరిగి జరిగి, చివరికి నెయిల్ కట్టర్‌కి చిక్కాల్సిందే. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆషాఢం నుంచి అట్లతద్దికి మూడు నెలల పైమాటే. అంటే అట్లతద్ది ముందు రోజు మళ్ళీ ఆకు రుబ్బే వేళకు పాత ఎరుపు గోటి కొసన సన్నటి అంచుగా మిగలాలి. దాని వెనకంతా కొత్త గోరు తెల్లగా కనిపించాలి.

ఒక ఏడాది నాకు అలా కనిపించలేదు. ఎరుపు గోటి నడుమ దాకా వచ్చి ఆగిపోయినట్టుంది. ‘ఆకు భలే పండిందే, ఇంకా పోలేదు!’ అని మురిసిపోయింది మా పెద్దమ్మ. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారు కదా, నాకు ఆ ముచ్చట తీరిపోయి చాలా కాలమైంది. పండటం ఆకు గొప్పే. పోకపోవడం మాత్రం ఆకు గొప్ప కాదు, గోరు ఎదగడం మందగించింది.

గోరు నిదానించిన ప్రతివాళ్ళకూ జబ్బుందని కాదు. వయసు పైబడే కొద్దీ గోటి నడక తగ్గుతుంది. చలికాలంలో కంటే ఎండాకాలంలో చురుగ్గా పెరుగుతుంది. మధ్యవేలిది ముందుంటే చిటికెన వేలిది వెనకబడుతుంది. నన్ను ఆలోచనలో పడేసింది గోరు పెళుసెక్కడం. కొస ఉల్లిపొరల్లా పొరలు పొరలుగా విడిపోయేది. పట్టుచీర కుచ్చిళ్ళు పోసుకుంటుంటే ఆ విడిన పొర చీరకు తగులుకుని పోగు పైకి లేచేది. చిక్కుడుకాయకు ఈనె తీయబోతే ఈనె రాకపోగా గోరు విరిగేది. వేలితో తడిమితే గోటి మీద నిలువు గీతలు తెలిసేవి.

ఆ రోజుల్లోనే మా వీధి చివరి బ్యూటీ పార్లర్‌కి వెళ్ళాను. కనుబొమలకు థ్రెడింగ్ చేస్తున్న అమ్మాయి ఉన్నట్టుండి ఆగి, నోట్లో పట్టుకున్న దారం తీసి, ‘ఆంటీ, ఈ చివర తీయడానికి ఏం లేదు. మీరే ఇంట్లో తీసేసుకున్నారా?’ అంది. లేదన్నాను. అద్దం చేతికిచ్చింది. రెండు కనుబొమలూ ముక్కు వైపు మామూలుగానే ఉన్నాయి, చెవుల వైపు కొసలు పలచబడి ఆనవాలుగా మిగిలాయి. థైరాయిడ్ మందగించిన వాళ్ళలో కనుబొమ బయటి మూడో వంతు ఇలా పలచబడటం పాత గుర్తు. బెల్జియం వైద్యుడు హెర్టోగ్ పేరు మీద పుస్తకాల్లో ఉంది. అదొక్కటే చూసి జబ్బు తేల్చరు. ఏళ్ళ తరబడి థ్రెడింగ్ చేయించుకున్నా, కొన్ని చర్మవ్యాధులు ఉన్నా అలా కావచ్చు. కానీ ఆ అమ్మాయి రోజూ చూసే కనుబొమలెన్ని! వేలితో చూపించి చెప్పేదాకా నా మొహంలో నాకు తెలియని సంగతి ఆమె దారానికి తెలిసిపోయింది.

ఆ అనుమానంతో చేయించుకున్న రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఉండాల్సిన దానికి బాగా పైన ఉంది. ఈ అంకె దగ్గర అందరూ తికమకపడతారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, ‘ఇంకాస్త పని చెయ్యి’ అని థైరాయిడ్‌ని అదిలించడానికి పంపే హార్మోన్ అది. థైరాయిడ్ పలక్కపోతే అదిలింపు ఎక్కువవుతుంది. అందుకే గ్రంథి పని తగ్గితే రిపోర్టులో అంకె పెరుగుతుంది. మా అత్తగారు మాత్రం ‘కోడలికి థైరాయిడ్ ఎక్కువైందట, తగ్గడానికి మాత్రలిచ్చారు’ అని బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పేశారు. ఆ మాట ఈ రోజుకీ అలాగే చెలామణిలో ఉంది.

గోటి మొదట్లోనూ వెంట్రుక కుదుట్లోనూ ఉండే కణాలు ఒంట్లో అతి వేగంగా విభజన చెందే కణాల్లో ఉన్నాయి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే వాటి వేగం పడిపోతుంది. చెమట గ్రంథులు, నూనె గ్రంథులు కూడా మందగిస్తాయి. అందుకే చర్మం పొడిబారుతుంది, జుట్టు గరుకెక్కుతుంది. చలి తెలియని ఊళ్ళోనూ వేళ్ళు చల్లబడతాయి.

జుట్టు సంగతి గోటి కంటే చిక్కు. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. నూటికి 85, 90 వంతులు ఏ రోజు చూసినా పెరిగే దశలో ఉంటాయి. మిగతావి పెరగడం ఆపేసి విశ్రాంతిలో ఉంటాయి. అలా విశ్రాంతిలోకి వెళ్ళిన వెంట్రుక వెంటనే రాలదు. రెండు మూడు నెలలు కుదుట్లోనే కూర్చుని అప్పుడు దువ్వెనకొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకూ రోజుకు 50 నుంచి 100 దాకా రాలతాయి. థైరాయిడ్ తగ్గితే విశ్రాంతిలోకి వెళ్ళేవి ఎక్కువవుతాయి, లేచి మళ్ళీ పెరగడం మొదలుపెట్టేవి తక్కువవుతాయి. ఇవాళ దువ్వెనకు చుట్టుకున్నది ఇవాళ్టి కబురు కాదు. రెండు మూడు నెలల కిందట ఒంట్లో ఏం జరిగిందో అది ఇప్పుడు చెబుతోంది.

ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే సగం దిగులు పోతుంది, చాలా డబ్బూ మిగులుతుంది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన మొదటి నెలల్లో కూడా జుట్టు ఊడుతూనే ఉంటుంది. కొందరికి కొన్నాళ్ళు ఇంకాస్త ఎక్కువగానే ఊడుతుంది. మాత్ర వల్లే ఇదంతా అని మానేసిన వాళ్ళు నాకు తెలుసు. అదే సమయంలో ఎవరో చెప్పారని ఒక నూనె మొదలుపెడతారు. మూడు నెలలు గడుస్తాయి. మాత్ర పని మాత్ర చేసుకుపోయి ఉంటుంది, రాలడం తగ్గుతుంది. పేరు మాత్రం నూనె కొట్టేస్తుంది. ఊళ్ళో సగం నూనెల కీర్తి ఇలా వచ్చిందేనని నా గట్టి అనుమానం.

నూనెల మీద నాకు కోపమేమీ లేదు. గుంటగలగరాకు, మందారాకు, మెంతులు వేసి కాచిన నూనె మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. పొడిబారిన జుట్టుకు నూనె రాస్తే చిక్కు తగ్గుతుంది, దువ్వేటప్పుడు తెగడం తగ్గుతుంది. ఆదివారం తలంటు హాయి వేరే. నూనె చేయగలిగింది అంతే. మెడలో ఉన్న గ్రంథికి మాడు మీది నూనెతో సంబంధం లేదు. మా పిన్ని ఈ మాట ఒప్పుకోదు. నన్ను చూసినప్పుడల్లా ‘ఏమే, అంత జడ ఏమైపోయిందే! సవరమైనా పెట్టుకోవే, పెళ్ళికి పోతూ ఆ పిలకేమిటి?’ అంటుంది. తనకు తోచిన చిట్కాలన్నీ అయ్యాక, అయోడిన్ ఉన్న ఉప్పు కాస్త ఎక్కువ తినమని సలహా.

ఉప్పు మాట వచ్చింది కనక ఒకటి చెప్పాలి. మన దేశంలో ఇంటింటికీ అయోడిన్ ఉప్పు చేరడం వెనక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాలయాల కాంగ్రా లోయలో పరిశోధన నడిపారు. లోయలో ఒక భాగానికి మామూలు ఉప్పు, మిగతా భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు అందించి ఏళ్ళ తరబడి చూశారు. అయోడిన్ అందిన చోట గొంతువాపు (గాయిటర్) గణనీయంగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. కొండప్రాంతాల్లో మెడ వాచి, పిల్లలు మందబుద్ధులుగా పుట్టే రోజులవి. ఆ మనిషికి మనం ఎంతో రుణపడి ఉన్నాం, ఆయన పేరు మన పిల్లలకు తెలియదు. అయితే నాకూ నాలాంటి చాలామందికీ ఉన్నది అయోడిన్ కొరత కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను పరాయిదనుకుని దెబ్బతీయడం. ఈ జబ్బును 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో నలుగురు ఆడవాళ్ళలో గమనించి రాశాడు, ఆయన పేరే దానికి నిలిచింది. దీనికి ఉప్పు ఎక్కువ తింటే లాభం లేదు. అయోడిన్ అతిగా పడితే గ్రంథి ఇంకా మందగించవచ్చు కూడా. బీపీ సరేసరి.

దీనికి మందు ఒక్కటే: గ్రంథి చేయలేకపోతున్న హార్మోన్‌ను బయటి నుంచి ఇవ్వడం. 1891లో న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక ఆమెకు సూదిమందుగా ఇచ్చాడు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్ళు బతికి 1919లో కన్నుమూసింది. అంతకాలంలో ఆమె మందు కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడారు. 1914లో కెండల్ థైరాక్సిన్‌ను విడిగా రాబట్టాడు, 1927లో హారింగ్టన్, బార్గర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఇప్పుడు మందుల షాపులో థైరోనార్మ్ అనో ఎల్ట్రాక్సిన్ అనో అడిగితే సీసా చేతిలో పెడతాడు. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, గ్రాములో పదిలక్షో వంతుల్లో. గొర్రెల మంద చేసిన పని ఒక చిన్న మాత్ర చేస్తోంది.

ఆ మాత్రకు ఒక్కటే పంతం. పరగడుపున, మంచినీళ్ళతో, మిగతా ఏదీ కడుపులో పడకముందు వేసుకోవాలి. ఆపైన అరగంట నుంచి గంట ఆగాలి. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి ఇది చిన్న మాట కాదు. ఫిల్టర్‌లోంచి డికాషన్ చుక్క చుక్కగా దిగుతుంటుంది, పాలు పొంగుతుంటాయి, మా ఆయన కప్పు పట్టుకుని పేపర్ విప్పుతారు. నేను గడియారం చూస్తుంటాను. కాఫీతో పాటు వేసుకుంటే మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలైతే మరీ, నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. మాత్రల సీసాను నేను వంటింట్లోంచి మంచం పక్కకు మార్చాను. పొయ్యి వేడి, తేమ దానికి పడవు, నాకేమో కాఫీ వాసన పడదు, ఆ గంటసేపు. పొద్దున్నే కుదరని వాళ్ళకు రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటల తర్వాత వేసుకోమని డాక్టర్లు చెప్పడం ఉంది. ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్ళు అదృష్టవంతులు, మాత్రకు అంత మంచి రోజు ఇంకోటి లేదు.

ఒక రోజు మరిచిపోతే కొంప మునగదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందువల్లే మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి గానీ మళ్ళీ పరీక్ష చేయించరు. జుట్టు తొందరగా రావాలని సొంతంగా మాత్ర పెంచుకునే వాళ్ళకు ఒక మాట: థైరాయిడ్ ఎక్కువైనా జుట్టు ఊడుతుంది, పైగా గుండె దడ, ఎముకల అరుగుదల.

టీఎస్‌హెచ్ అంకె దారికొచ్చింది. గోళ్ళు ఆ తర్వాత కొన్ని నెలలకు కుదుటపడ్డాయి. మొదటి నుంచి కొస దాకా గోరు పూర్తిగా మారడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది కదా. గోటి మొదట్లో నున్నటి పట్టీ ఒకటి మొదలై, గీతలున్న పాత భాగాన్ని ముందుకు నెట్టుకుంటూ వచ్చింది. కాలి బొటనవేలి గోరైతే ఏడాది దాటినా పాత వేషంలోనే ఉంది. జుట్టును దువ్వెనలో చూడటం మానేసి నుదుటి మీద చూడటం నేర్చుకున్నాను. పాపిట పక్కన పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే వాటి కొస వెలుతురులో గమనించాలి. కొస సన్నగా తేలిపోతే అది కొత్తగా మొలిచింది, మొద్దుగా తెగినట్టుంటే మధ్యలో విరిగింది. రాలిన వెంట్రుక మొదట్లో తెల్లటి చిన్న ముడి కనిపిస్తే కాలం తీరి రాలిందని అర్థం. ఇవి చూసుకుంటే పిన్ని మాటలు పెద్దగా తగలవు. జడ మాత్రం నెలకు సెంటీమీటరు చొప్పునే వస్తుంది. నడుము దాకా రావాలంటే ఏళ్ళే.

మాత్ర సరిగ్గా వేసుకుంటున్నా, టీఎస్‌హెచ్ బాగున్నా జుట్టు ఆగకపోతే థైరాయిడ్‌నే తిడుతూ కూర్చోవద్దు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత తేల్చింది. ఐరన్ తగ్గినా జుట్టు ఊడుతుంది, గోళ్ళు పెళుసెక్కుతాయి. రెండు కొరతలూ ఒకే ఒంట్లో ఉండటం ఏమంత అరుదు కాదు. హిమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని అడగండి.

జుట్టుకూ గోళ్ళకూ అంటూ షాపుల్లో అమ్మే మాత్రల్లో చాలావాటిలో బయోటిన్ ఉంటుంది. రోజుకు 30, 40 మైక్రోగ్రాములు సరిపోయే ఈ విటమిన్ వాటిలో 5,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. దాని వల్ల జుట్టు వస్తుందో రాదో గానీ, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ రిపోర్టు తారుమారవుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదాని కంటే తక్కువగా, టీ4 (థైరాక్సిన్) ఎక్కువగా కనిపిస్తాయి. అది నిజమనుకుని డాక్టర్ మందు తగ్గిస్తే, జుట్టు కోసం మింగిన మాత్రే జుట్టుకు ఎసరు పెట్టినట్టు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ విషయంలో ఇలాగే జరగబోయి, రెండోసారి పరీక్షతో బయటపడింది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు నుంచి ఆ మాత్రలు ఆపండి. మోతాదు ఎక్కువైతే ఇంకా ముందే ఆపాలేమో డాక్టర్‌ని అడగండి. ల్యాబ్‌లో చెయ్యి చాపే ముందు వాటి పేరు చెప్పండి, వాళ్ళు అడగకపోయినా సరే.