సముద్రం లేని ద్వీపం: 'గ్యాదర్ ది డాటర్స్' నవలకు ఆదోని ప్రాంతం నుంచి ఒక పఠనం

జెన్నీ మెలమెద్ ఆంగ్ల నవల 'గ్యాదర్ ది డాటర్స్' (2017)ను మార్గరెట్ అట్‌వుడ్ రచన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' (1985) వారసత్వంలో ఉంచి చదవడం పరిపాటి. ఆ పోలిక తప్పు కాదు. కాని దానివల్ల ఒక ముఖ్యమైన భేదం మరుగున పడుతున్నది. అట్‌వుడ్ కథానాయికకు వెనుకటి జీవితపు జ్ఞాపకం ఉంది. మెలమెద్ చిత్రించిన ద్వీపంలో పుట్టి పెరిగిన ఆడపిల్లలకు అది లేదు. అక్కడ తండ్రి అధికారం కూతురి శరీరం దాకా చెల్లుతుంది. రజస్వల అయిన పిల్లకు ఒక వేసవి గడిస్తే పెళ్లి. వేరొక బతుకును చూడనివారు దానిని కోరుకోవడం ఎలా సాధ్యం? నవలకు ప్రాణమైన ప్రశ్న ఇదే.

జేనీ పెద్దమనిషి కాకుండా ఉండేందుకు తిండి మానుకొంటుంది. తోటి పిల్లలను కూడగట్టి, ఇళ్లు విడిచి సముద్రతీరానికి చేరుతుంది. ఆకలిని ఆమె ఆయుధమని కీర్తించడం తొందరపాటు. అది గడువును పొడిగిస్తుందే కాని దారి చూపదు. వనెస్సాకు తండ్రి గ్రంథాలయం అందుబాటులో ఉన్నా, చదివినదానిని పట్టుకొని వెళ్లవలసిన చోటు లేదు. ఈ పిల్లలకు కొరవడినది జ్ఞానం కన్నా, తమ మాట వినే నాథుడు.

'కన్యాశుల్కం'లో పరిస్థితి తలకిందులు. సుబ్బి పెళ్లిని తప్పించడానికి తల్లి నూతిలో దూకుతుంది, మేనమామ శిష్యుడికి ఆడవేషం వేస్తాడు, మధురవాణి పూనుకొంటుంది. సుబ్బి గొంతు మాత్రం దాదాపు వినబడదు. మన సంస్కరణ సాహిత్యంలో బాలిక చాలాకాలం రక్షింపబడేదే తప్ప మాట్లాడేది కాదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నుంచి చదివినప్పుడు నవలలోని సముద్రమే సందేహాస్పదమవుతుంది. ఇక్కడ బస్సు ఉంది, పత్తి మార్కెట్టు ఉంది, చేతిలో సెల్‌ఫోను ఉంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమూ ఉంది. అయినా కుటుంబంతో సుగ్గికి, గుంటూరు వైపు మిరప కోతలకు, వెళ్లిన పిల్లకు బడి తప్పుతుంది. తిరిగి వచ్చేసరికి సంబంధం మాటలు మొదలవుతాయి. ఇల్లు కదులుతూనే ఉంటుంది, పిల్ల మాత్రం దాని లోపలే ఉంటుంది. ఏకాంత సమాజానికి భౌగోళిక సరిహద్దు తప్పనిసరి అన్న డిస్టోపియన్ నవలల ఊహ ఇక్కడ చెల్లదు. మెలమెద్ ద్వీపాన్ని ఎన్నుకోవడంలో కొంత సౌలభ్యం చూసుకొన్నదనే నా అభిప్రాయం.

బాల్యవివాహం తప్పించుకొని, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేరిన ఈ ప్రాంతపు బాలిక ఒకరు ఇంటర్మీడియట్‌లో అగ్రస్థానం పొందినట్లు 2024లో పత్రికలు రాశాయి. చదువుకొంటానని ఆమె తానే నోరు తెరిచి అడిగింది. జేనీకి దక్కనిది, సుబ్బి చేయనిది ఆ అడగడంలో ఉన్నాయి. అయితే ఆమె అడిగినప్పుడు చేరడానికి ఒక వసతి పాఠశాల ఉంది. సుగ్గి కాలంలో ఊరు విడిచిపోయే పిల్ల ఎవరిని అడగాలో చెప్పే తెలుగు నవల కోసం ఈ పరిశోధకురాలు ఇంకా వెదకుతున్నది.