ఫొటో వెనక రాత

ఫొటో జ్ఞాపకాలను భద్రపరుస్తుందని అందరం అంటాం. పెళ్లి ఆల్బం అట్ట మీదా, స్టూడియో గోడ మీదా, ఒకప్పటి ఫిల్ము రీళ్ల ప్రకటనల్లోనూ ఈ మాట ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఫొటో గురించి గత శతాబ్దంలో వచ్చిన రెండు పేరుపొందిన రచనలను ఈ మధ్య పక్కపక్కన పెట్టుకుని చదివాను. చదివాక ఈ మాటలో సగమే నిజమనిపించింది. మిగతా సగం సొంత రాష్ట్రాలకు వెలుపల తరాలుగా స్థిరపడిన మనలాంటివారికి మరీ అవసరమైనది. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదటిది జర్మన్ రచయిత సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1927 అక్టోబరులో ‘ఫ్రాంక్‌ఫుర్టర్ త్సైటుంగ్’ అనే దినపత్రికలో రాసిన ‘ఛాయాచిత్రణ’ అనే వ్యాసం. అందులో రెండు ఫొటోలను పక్కపక్కన పెడతాడు. ఒకటి సచిత్ర పత్రిక అట్ట మీది సినిమా తారది, వయసు 24. రెండోది అరవై ఏళ్లు దాటిన పాత ఫొటో. అందులో ఉన్న అమ్మమ్మకూ ఆనాడు 24 ఏళ్లే. తారను తెర మీద చూసినవాళ్లు కాబట్టి అందరూ ఇట్టే గుర్తుపడతారు. అమ్మమ్మ సంగతి అలా కాదు. ఆమె ఫలానా అని పెద్దవాళ్లు చెబితేనే మనవలకు తెలుస్తుంది. చెప్పాక కూడా వాళ్లకు కనిపించేది మనిషి కాదు, బిగించి కట్టిన నడుమూ, ఆనాటి కొప్పూ, ఆ గౌనూ. పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే ఎందుకో ఒళ్లు జలదరిస్తుంది. నోటిమాటగా వచ్చిన కథ తోడు లేకపోతే ఆ బొమ్మ ఒక్కటే అమ్మమ్మను నిలబెట్టలేదన్నది క్రకావర్ తేల్చిన విషయం.

పైన ‘అమ్మమ్మ’ అని రాశానుగానీ అక్కడ కాసేపు నా కలం ఆగింది. జర్మన్ మాటలోనైనా ఇంగ్లీషు మాటలోనైనా ఆమె తల్లి తల్లో, తండ్రి తల్లో తెలియదు. తెలుగులో అలా తప్పించుకోవడం కుదరదు. అమ్మమ్మ అనాలి, లేదా నాయనమ్మ అనాలి. కొన్ని ఇళ్లలో అవ్వ, కొన్ని ఇళ్లలో జేజి. ఈ వ్యాసాన్ని తెలుగు చేయబోయేవాడికి మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్న ‘ఈమె ఎవరి వైపు?’ అన్నది. ఫొటో ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. చెప్పాల్సింది మనిషి. క్రకావర్ వాదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

రెండోది ఫ్రెంచి విమర్శకుడు రొలాఁ బార్త్ రాసిన ‘కెమెరా లూసిడా’. 1980లో వచ్చింది, అదే సంవత్సరం మార్చిలో ఆయన పోయాడు. పుస్తకానికి మూలం 1977లో జరిగిన తల్లి మరణం. ఆమె పోయాక పాత ఫొటోలు తిరగేస్తూ ఉంటే వాటిలో ఎక్కడా అమ్మ పూర్తిగా దొరకదు. చివరికి 1898 నాటి ఫొటో ఒకటి చేతికొస్తుంది. అద్దాల పూలతోటలో ఐదేళ్ల పాప, పక్కన ఏడేళ్ల అన్న. తాను ఎన్నడూ చూడని ఆ వయసులో, ఆ ముఖంలో ఆయనకు తల్లి దొరికింది. పుస్తకంలో ఎన్నో ఫొటోలు అచ్చువేసిన బార్త్ ఈ ఒక్కటి మాత్రం వేయలేదు. తనకు తప్ప మిగతావారికి అది మామూలు పాత ఫొటోయేనని ఆయన వాదన.

ఆ పేజీలు చదివి కదలనివాడు ఉండడు. ఫొటో దేన్నీ గుర్తుచేయదు, ‘ఇది ఒకప్పుడు ఉండింది’ అని సాక్ష్యం మాత్రం చెబుతుంది అన్న ఆయన మాట కూడా సరైనదే. ఒక్కోసారి ఫొటో జ్ఞాపకానికి అడ్డు నిలుస్తుందని కూడా అన్నాడు. ఇది మన అనుభవంలో ఉన్నదే. గోడ మీద దండ వేసి, బొట్టు పెట్టిన ఫొటోను రోజూ చూస్తూ ఉంటే కొన్నేళ్లకు ఆ మనిషి నడకా గొంతూ వెనక్కి పోయి, ఆ ఒక్క బిగుసుకున్న ముఖమే మిగులుతుంది.

అయినా బార్త్‌తో నాకొక పేచీ ఉంది. ఆ పాపకు ఐదేళ్లనీ, పక్కనున్నవాడు అన్న అనీ, అది 1898 అనీ, ఆ పిల్లల తల్లిదండ్రులు త్వరలో విడిపోబోతున్నారనీ ఆయనకు ఎలా తెలిసింది? ఇదంతా ఫొటోలో కనిపించేది కాదు. ఇంట్లో ఎవరో చెప్పారు. బహుశా ఆ తల్లే చెప్పి ఉంటుంది. ఆ చెప్పిన మాటలన్నీ లోపల ఉన్నాయి కాబట్టే ఆ ముఖం ఆయనకు తెరుచుకుంది. ఆయన మాత్రం ఘనతంతా ఫొటోకే ఇచ్చాడు. అమ్మ మాటను పునాదిలో వేసుకుని, గోడ తనంతట తానే నిలబడిందన్నాడు.

ఇంకొకటి. బార్త్ ఒంటరి మనిషి. తన తల్లిదండ్రుల మధ్య ఉండిన ప్రేమకు తన తర్వాత సాక్షి ఎవరూ ఉండరని ఆయనే బాధపడ్డాడు. అందువల్ల ఆ పుస్తకంలో ఫొటో ఒక్కరి సొత్తు. మన ఇళ్లలో అది ఉమ్మడి ఆస్తి. ఒకే గ్రూపు ఫొటో నలుగురు అన్నదమ్ముల ఇళ్లలో నాలుగు కాపీలుగా ఉంటుంది. ఒక్కొక్క ఇంట్లో దానికి ఒక్కొక్క కథ. ఉమ్మడి ఆస్తికి దస్తావేజు కావాలి. అందుకే, రాతలో బార్త్‌దే అందమైనా, మన అవసరానికి క్రకావరే దగ్గరివాడని నా అభిప్రాయం.

ఆ దస్తావేజు ఫొటో వెనక ఉండే రాత. మా ఇంట్లో ఒక గ్రూపు ఫొటో వెనక ‘చిన్నత్త, బావగారు, పిల్లలు’ అని సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. రాసినవారెవరో రాయలేదు. కాబట్టి ఆమె ఎవరికి చిన్నత్తో, ఆయన ఎవరికి బావగారో తెలియదు. మన వరసలన్నీ పిలిచేవాణ్ణి బట్టి మారేవే. పిలిచేవాడు పోతే వరస గాలిలో తేలిపోతుంది. తద్దినం నాడు పురోహితుడు ముఖాలు అడగడు, గోత్రంతో మూడు తరాల పేర్లు అడుగుతాడు. పేరు లేని ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా వంశంలో చోటు చేసుకోలేదని పెద్దలకు తెలుసు. బ్యాంకు పద్దుల్లో జర్నల్ ఎంట్రీ కింద ‘నెరేషన్’ అని ఒక వాక్యం రాస్తాం. డెబిట్, క్రెడిట్ అంకెలు పైసతో సహా సరిపోయినా ఆ వాక్యం లేకపోతే, ఏడాది తిరిగేసరికి ఆ మొత్తం ఎందుకు వేశామో వేసినవాడికే తెలియదు. ఫొటో అలాంటి పద్దు. అంకె తప్పదు, అర్థమే పోతుంది.

మనకు దీని మీద ఇంకొక చిక్కు ఉంది. ఫొటో వెనక రాత ఉన్నా అది తెలుగు లిపిలో ఉంటుంది. తమిళనాడులో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఉత్తరం మాత్రం తమిళ అక్షరాలతో రాసే కుటుంబాలు ఎన్నో. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక తరగతి పైకి వెళ్లింది. తెలుగు చదివే పిల్లలు తగ్గడానికి అది ఒక్కటే కారణం అనను. మన ఇళ్లలోని ఉదాసీనత అంతకు ముందునుంచీ ఉంది. షోలాపూర్‌లో పిల్లలకు చేతికొచ్చేది దేవనాగరి, బరంపురంలో ఒడియా లిపి, బెంగళూరులో కన్నడం లేదా ఇంగ్లీషు. తాత ముఖం వీళ్లు చూడగలరు. తాత పేరు చదవలేరు. ఫొటోలో కనిపించేది ఏ భాషలోనైనా ఒకటే. వెనక ఉన్నది ఒక్క భాషలోనే ఉంది. మనం లిపి పోగొట్టుకుంటే ఆల్బం మనదిగానే ఉంటుంది గానీ అందులో ఉన్నవాళ్లు పరాయివాళ్లవుతారు.

పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో తమిళనాడు స్టూడియోల పాత ఫొటోలను వెతికి డిజిటల్ ప్రతులు తీశారు. మెచ్చుకోవలసిన పని. చీమా, చెదా, తేమా ఇక వాటిని ముట్టలేవు. అయితే స్టూడియో మూల దొరికిన ఫొటోకు స్టూడియో పేరే మిగులుతుంది. కుర్చీలో కూర్చున్నవారి పేరు ఇంటివాళ్లు చెప్పాలి. ఏ గ్రంథాలయమూ మన తరఫున ఆ పని చేయలేదు.

ఫోనులో ఫొటోలకు తేదీ, ఒక్కోసారి ఊరు కూడా దానంతటదే పడుతుంది గదా అనవచ్చు. నిజమే. తేదీ పడుతుంది, వరస పడదు. అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలుకు 12 ఫొటోలే వచ్చేవి. ఆ పన్నెండూ ఇంటిల్లిపాదీ చేతులు మారి, ఇది ఎవరు, అది ఎప్పుడు అని పదిసార్లు చెప్పించుకునేవి. ఇప్పుడు ఒక్క పుట్టినరోజుకు రెండువందలు తీస్తాం. తీసినవాడు కూడా మళ్లీ చూడడు. చెప్పే సందర్భమే రాదు.

కాబట్టి పెద్దవాళ్లు ఉండగానే కూర్చుని అడగాలి. పేరు, ఊరు, ఏ సంవత్సరం, ఎవరికి ఏమవుతారు అన్నవి రాయాలి. కింద రాసినవారి పేరూ పెట్టాలి. బాల్ పెన్ను వద్దు, ముందువైపుకు ఒత్తు పడుతుంది. మెత్తని పెన్సిలు చాలు. నున్నటి కాగితానికి పెన్సిలు అంటకపోతే విడి కాగితం మీద రాసి ఫొటోతో పాటు కవరులో ఉంచవచ్చు. తెలుగులో రాయండి, దాని కిందే పిల్లలు చదువుకున్న లిపిలోనూ రాయండి. ఆ రెండు వరసలు పక్కపక్కన ఉంటే, మనవరాలు ఎప్పుడో ఒకనాడు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని కూడబలుక్కుంటుంది. అన్ని ఇళ్లలో కాకపోయినా కొన్ని ఇళ్లలోనైనా తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి పెద్దబాలశిక్షకంటే అదే మంచి వాచకం కావచ్చు.