కీచురాయి చెవి ఎక్కడుంటుంది?

చీమలు బారుగా గింజలు మోసుకెళ్తుంటాయి. పైనుంచి ఒక ఆకు రాలి ఆ బారుకి అడ్డంగా పడుతుంది. దాని వెనక చిక్కుకున్న చీమకి పై ప్రాణాలు పైనే పోతాయి. దారి తప్పిపోయానని గోలపెడుతుంది. ఇంకో చీమ వచ్చి, కంగారుపడకు, ఆకు పక్కనుంచి చుట్టుతిరిగి పోదాం రమ్మని వెంటబెట్టుకుని వెళ్తుంది. 1998లో పిక్సార్ వాళ్ళు తీసిన ‘ఎ బగ్స్ లైఫ్’ దాదాపు ఇలాగే మొదలవుతుంది. ఆ ముక్క నిమిషం కూడా ఉండదు. నేను మాత్రం దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు.

వంటింటి గోడ మీద పాకే చీమల బారుకి అడ్డంగా వేలితో రాయని వాళ్ళు మనలో ఎవరున్నారు? వేలు తగిలిన చోటికి రాగానే ముందున్న చీమ ఆగిపోతుంది. మీసాలు ఆడిస్తుంది. రెండడుగులు వెనక్కి వేస్తుంది, మళ్ళీ ముందుకొస్తుంది. వెనకవన్నీ వచ్చి అక్కడ గుంపుగా పోగవుతాయి. చీమలు నడిచేది వాసన మీద. ముందు వెళ్ళినవి వదిలిన వాసనే వెనక వాటికి బాట. ఆ బాటని మన వేలు తుడిచేస్తుంది. వాసనని తెర మీద చూపించలేరు కాబట్టి దర్శకుడు జాన్ లాసెటర్, సహదర్శకుడు ఆండ్రూ స్టాంటన్ ఒక ఆకుని రాల్చారు. కంగారు మాత్రం అచ్చంగా చీమదే.

నేను పిల్లలకి కథలు రాస్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక కీచురాయి కథ రాశాను. అది బద్ధకస్తురాలు, పక్కింటి చీమ దానికి బుద్ధి చెబుతుంది. ఒక పిల్లల పత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి ఇచ్చేస్తూ, “అమ్మాయీ, ఇందులో కీచురాయి అన్నచోటల్లా సుబ్బారావు అని పెట్టి చదివి చూడు. ఏం మారింది?” అన్నారు. ఇంటికొచ్చి అలాగే చదివాను. ఏమీ మారలేదు. ఆ రోజు నాకు బాధ కలిగిన మాట నిజం. పురుగుల కథ ఏది చదివినా, ఏ సినిమా చూసినా అప్పటి నుంచి నేను పెట్టే పరీక్ష అదొక్కటే.

ఈ సినిమాలోని సర్కస్ బృందం మొత్తం ఆ పరీక్షలో నెగ్గుతుంది. ఎండుపుల్లలా ఉండే స్లిమ్‌ని చూడండి. చీపురు, కర్ర, గుంజ, ఏ ఆటలోనైనా తనకి ఇవే వేషాలని అతని ఏడుపు. సుబ్బారావుకి ఆ కష్టం రాదు కదా! హైమ్‌లిక్ అనే బొద్దు గొంగళిపురుగు సినిమా అంతా సీతాకోకచిలుకనవుతానని కలలు కంటూ తింటూనే ఉంటాడు. చివరికి రెక్కలు వస్తాయి, కానీ ఆ శరీరానికి అవి మరీ బుల్లివి. అయినా అతని సంబరం తగ్గదు. ఆ గొంతు పేరున్న నటుడిది కాదు, కథ విభాగంలో పనిచేసిన జో రాన్ఫ్ట్‌ది. యానిమేషన్‌లో ముందు గొంతు, తర్వాత బొమ్మ. మన డబ్బింగ్ థియేటర్‌లో కళాకారుడు తెర మీది పెదవుల వెంట పరిగెత్తుతాడు. అక్కడ బొమ్మే గొంతు వెంట నడుస్తుంది. హైమ్‌లిక్ ఆయాసపడుతూ మాట్లాడేటప్పుడు పొట్ట మీద మడతలు కదిలే తీరు గమనించండి, తేడా తెలుస్తుంది.

ఇక ఫ్రాన్సిస్. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే ఈ పురుగు ఇంగ్లిషు పేరు లేడీబగ్‌లోనే ఆడమనిషి ఉంది. ఫ్రాన్సిస్ మగవాడు. చూసిన ప్రతివాడూ ఆడదనుకోవడం, ఇతను ఒంటికాలి మీద లేవడం, హాస్యమంతా అందులోనే. తెలుగులోకి తెస్తే ఈ హాస్యం నిలవదు, మన పేరులో ఆడా మగా లేదు. మన రైతులు దాన్ని అక్షింతల పురుగు అంటారు. పైరుకి పట్టిన పేనుబంకని తినిపెడుతుంది కాబట్టి మిత్రపురుగుల్లో లెక్కవేస్తారు. తిట్లు తినడాన్ని అక్షింతలు పడ్డాయనే భాష మనది. కనిపించిన వాళ్ళందరికీ అక్షింతలు వేసే కోపిష్టికి అక్షింతల పురుగని పేరు! తెలుగులో డైలాగులు రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? పోయిన హాస్యం పోగా, మన భాష ఇచ్చే కొత్త హాస్యం అక్కడే కాచుకుని ఉంది.

ఈ సినిమా తీసినవాళ్ళకి ఇంత పట్టు ఎలా దొరికిందంటే, వంగి చూశారు. పిక్సార్ అప్పట్లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో ఉండేది. ఒక బుల్లి వీడియో కెమెరాకి లెగో బొమ్మల చక్రాలు బిగించి, దానికి బగ్‌క్యామ్ అని పేరు పెట్టి, గడ్డిలో, మొక్కల మొదళ్ళలో తిప్పారు. చీమ ఎత్తు నుంచి చూస్తే వాళ్ళకి తెలిసిన మొదటి సంగతి, ఆకుల్లోంచి వెలుగు దిగుతుందని. పైనుంచి మనకి కనిపించేది పచ్చటి ఆకు వీపు మాత్రమే. కింద ఉన్నవాడికి అది రంగుటద్దం పరిచిన కప్పు. సినిమాలో చాలా పగటి సన్నివేశాల్లో ఆ లేతపచ్చ వెలుగు పరుచుకుని ఉంటుంది. అది ఊహించి వేసిన రంగు కాదు.

నీటి సంగతీ అంతే. ఆ ఎత్తులో నీరు పారదు, ఉండకడుతుంది. కథానాయకుడు ఫ్లిక్ గడ్డిపరకని గొట్టంలా చుట్టి, చివర ఒక నీటిబొట్టు పెట్టి దుర్భిణి చేస్తాడు. బొట్టు జారిపోదు, కటకమై నిలుస్తుంది. ఫ్లిక్ పాత్ర మీద నాకు కొంత అసంతృప్తి ఉంది. ఊరంతా వెర్రివాడనే కుర్రాడు ఊరిని కాపాడడం మనుషుల కథే, అక్కడ సుబ్బారావు సులువుగా ఇమిడిపోతాడు. కానీ ఆ నీటిబొట్టు దుర్భిణి చీమ తప్ప ఎవరూ చేయలేరు. పతాక సన్నివేశంలో వాన మొదలైనప్పుడు ఒక్కో చినుకూ బాంబులా పడుతుంది. అది చూశాక నేను వానని మునుపటిలా చూడలేకపోయాను.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ళని క్షమించలేను. చీమలకి ఆరు కాళ్ళు తీసేసి నాలుగే పెట్టారు, వాటి శత్రువులైన మిడతలకి ఆరూ ఉంచారు. చీమల మీద మనకి ఇష్టం కలగాలని చేశారు, సరే. కానీ పుట్టలో పనిచేసే చీమలన్నీ ఆడవే. గింజ మోసేదీ, పుట్ట తవ్వేదీ, శత్రువుని కుట్టేదీ ఆడచీమే. ఇంత పరిశీలించిన వాళ్ళు ఫ్లిక్‌ని మగవాడిగా ఎందుకు చేశారు? ఆడచీమ అయి ఉంటే కథకి ఒక్క నష్టం జరిగేది కాదు, సత్యం మాత్రం దక్కేది.

మన పిల్లలకి తెలిసిన మొదటి మాట్లాడే చీమ ఏడు చేపల కథలోది. పుట్టలో వేలు పెట్టారు కాబట్టి కుట్టానంటుంది. అంతకంటే చీమతనం ఏముంటుంది? ఇక ఈ సినిమాలో మిడతల నాయకుడు హాపర్ తన అనుచరుల మీదికి ఒక్క గింజ విసిరి, నొప్పి పుట్టిందా అని అడుగుతాడు. లేదంటారు. అప్పుడు గింజలన్నీ ఒక్కసారిగా వదిలి వాళ్ళని పాతేస్తాడు. చలిచీమల చేతికి చిక్కిన పాము గురించి సుమతీ శతకం చదువుకున్న మనకి ఆ దృశ్యం వివరించనక్కర్లేదు. 2012లో మన ‘ఈగ’లో రాజమౌళి అసలు ఈగకి మాటే ఇవ్వలేదు. చెవి దగ్గర రొద పెట్టి శత్రువుకి నిద్ర లేకుండా చేయడం ఈగకే చేతనైన పగ. మాట లేకుండానే ఆ పరీక్ష నెగ్గిన సినిమా అది.

నా కీచురాయి సంగతి చెప్పడం మరిచాను. తర్వాత తెలుసుకున్నాను, కీచురాయికి చెవులు తల మీద ఉండవు, ముందుకాళ్ళ మీద ఉంటాయి. కథ మళ్ళీ రాశాను. ఇప్పుడు అది రహస్యం వినాలంటే కాలు ఎత్తుతుంది. మా వీధి పిల్లలకి చదివి వినిపిస్తుంటే, సగం కథలో వాళ్ళూ మోచేతులు గాల్లోకి ఎత్తి వినడం మొదలుపెట్టారు.

సినిమా చూడని వాళ్ళుంటే ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. కథ అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు లేచిపోకండి. అక్కడ చీమలూ మిడతలూ షూటింగ్‌లో డైలాగులు మరిచిపోయి నవ్వుతూ ఉంటాయి. ఆ పొరపాట్లని కూడా ఒక్కో ఫ్రేమూ కూర్చుని చేశారు.