పాఠ్యపథకంలో లేని పిల్ల

కథను, కవితను విమర్శించేవాళ్ళు ఇప్పుడు మనలో కొంతమంది తయారయ్యారు. సంతోషం. కానీ మన పిల్లల బతుకు మీద కథల కంటే, కవితల కంటే ఎక్కువ పనిచేసే రచన ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ చదవరు. పర్యవేక్షణకు వచ్చిన అధికారి తేదీ చూసి సంతకం పెడతాడు, అంతే. అదే పంతుళ్ళు రాసే పాఠ్యపథకం. రాజాం చుట్టుపక్కల బళ్ళలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చెప్పినన్నాళ్ళూ నేనూ రాశాను. జాతాపు కుటుంబంలో పుట్టి, హాస్టల్లో చదివి, మేస్టారునైన వాణ్ణి నేను. నా పాత రిజిస్టర్లు ఈమధ్య మళ్ళీ తిరగేశాను. కాబట్టి ఇక్కడ విమర్శకు దొరికేది ముందుగా నా రాతే.

ఆరో తరగతి లెక్కల్లో స్థానవిలువల పాఠానికి రాసిన పేజీ చూడండి. 'ఉన్ముఖీకరణ: విద్యార్థులను పలకరించుట, పూర్వజ్ఞానమును పరీక్షించుట. అభ్యసన ఫలితం: విద్యార్థి పెద్ద సంఖ్యలను చదువుట, వ్రాయుట. సామగ్రి: నల్లబల్ల, సుద్దముక్క.' చివర ఒక వరుస: 'వెనుకబడిన విద్యార్థులపై ప్రత్యేక శ్రద్ధ వహించుట.'

కథను చదివినట్టు దీన్ని చదివితే మొదట వచ్చే ప్రశ్న, ఇందులో పాత్ర ఎవరు? 'విద్యార్థి' అట. ఏ ఊరివాడు, ఇంట్లో ఏ మాట మాట్లాడతాడు, నిన్న ఏం చేశాడు, ఏమీ తెలీదు. నా తరగతిలో మాత్రం బజారు వీధి కిరాణా కొట్టు యజమాని కొడుకు ఉన్నాడు. జూట్ మిల్లులో పనిచేసే వాళ్ళ పిల్లలున్నారు. సీతంపేట వైపు కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర, జాతాపు పిల్లలున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక వీళ్ళ సంగతి ఇంకా చిత్రం. అంతవరకూ రాజాం, సీతంపేట రెండూ శ్రీకాకుళం జిల్లానే. ఇప్పుడు బడి విజయనగరంలో, ఇల్లు పార్వతీపురం మన్యంలో. ఇంతమందికీ కలిపి నేను రాసిన పాత్ర ఒక్కడే, వాడు ఎక్కడా ఉండడు.

రెండో సంగతి ఆ భాష. పలకరించుట, వహించుట. ఎవరికి చెబుతున్నాం ఈ 'ట'లు? ఈ గడ్డ మీదే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది ఈ రాత మీదే కదా. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. చేసి, రిజిస్టరులో 'దినోత్సవము జరుపుట' అని రాసుకుంటాం. నేనూ రాశాను.

ఇక ఆ చివరి వరుస. 'ప్రత్యేక శ్రద్ధ' అని రాసినదాన్ని తరగతిలో అమలు చేసేది గ్రూపులుగా. ఏ గ్రూపు, బీ గ్రూపు, సీ గ్రూపు. ఏ గ్రూపుకు ఆలోచించే లెక్కలు, బీ గ్రూపుకు పుస్తకంలో లెక్కలు, సీ గ్రూపుకు ఎక్కాలు చూసిరాత. తరగతిలో అందరూ ఒకేలా నేర్చుకోరు, కాబట్టి అందరికీ ఒకేలా చెప్పకూడదన్నది మంచి ఆలోచనే. శిక్షణల్లో దాన్ని బాగానే చెబుతారు. మన చేతికొచ్చేసరికి అది బల్లల వరసగా మారిపోయింది. జూన్‌లో సీ గ్రూపులో కూర్చున్న పిల్ల ఏప్రిల్‌లోనూ అక్కడే ఉంటుంది. ఆ వరసలో ఎవరి పిల్లలు ఎక్కువమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు.

నా సీ గ్రూపులో ఒక సవర పిల్ల ఉండేది. నోరు విప్పేది కాదు. బడిలో ఏదో కార్యక్రమానికి అడ్డాకు విస్తళ్ళు లెక్కపెట్టమని కొంతమందికి అప్పజెప్పాను. ఈ పిల్ల తనలో తను నవ్వుకుంటోంది. ఏటమ్మా అని అడిగితే, 'మా మామ్మ ఇలగ లెక్కెట్టదు మేస్టారూ' అంది. మరెలాగ అన్నాను. తొంభై మూడును ఆమె మామ్మ నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి అంటుందట.

సవర భాష తెలిసినవాళ్ళకు ఇందులో వింత లేదు. ఆ భాషలో ఒకటి నుంచి పన్నెండు దాకా దేని పేరు దానికుంది. పన్నెండు మిగ్గల్. పదమూడంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. అక్కడి నుంచి ముప్పై తొమ్మిదంటే ఇరవై, పన్నెండు, ఏడు. తొంభై తొమ్మిదంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఏడు. పన్నెండు మీదా ఇరవై మీదా రెండు కాళ్ళు మోపి నడిచే లెక్క ఇది. భాషలను పోల్చి చూసే పండితులు ప్రపంచంలోని అరుదైన లెక్కింపుల్లో దీన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. బొబ్బిలి మీదికి ఫౌజుతో వచ్చిన బుస్సీ భాషలోనూ, అంటే ఫ్రెంచిలోనూ, తొంభై మూడంటే నాలుగు ఇరవైలు పదమూడే. ఫ్రెంచివాళ్ళను ఎవరూ సీ గ్రూపులో కూర్చోబెట్టలేదు.

స్థానవిలువల పాఠంలో నేను చెప్పాల్సిన అసలు విషయం ఏమిటి? పదేసి కట్టలు కట్టడం మనం ఎంచుకున్న ఒక పద్ధతి, ఎన్నేసి కట్టినా కట్టవచ్చు, అంకె నిలబడ్డ చోటును బట్టి దాని విలువ మారుతుంది. ఇది తెలిసే తాళంచెవి ఆ పిల్ల ఇంట్లో ఉంది. నేను ఆమెకు ఎక్కాలు చూసిరాత ఇచ్చాను.

తర్వాతి ఏడు ఆ పాఠాన్ని వేరేగా రాశాను. చీపురుపుల్లలు అందరికీ ఇచ్చి తొంభై మూడును మూడు రకాలుగా కట్టలు కట్టమన్నాను: పదేసి, పన్నెండేసి, సవర మామ్మలాగ. పన్నెండేసి కడితే ఏడు కట్టలు, తొమ్మిది పుల్లలు వచ్చాయి. పుల్లలతో ఆగిపోయిన వాళ్ళను అక్కడ ఇంకాసేపు ఉండనిచ్చాను. ముందుకెళ్ళిన వాళ్ళను ఏడేసి కట్టలతో కొత్త లెక్కింపు తయారుచెయ్యమన్నాను. కిరాణా కొట్టువారి అబ్బాయి డజన్ల సంగతి తెచ్చాడు, ఒకమ్మాయి గడియారం వైపు చూపించింది. చివర్లో అందరికీ ఒకే ప్రశ్న: 'పదిలో ఏమైనా గొప్పదనం ఉందా? ఉంటే ఏది?' దారులు వేరైనా చేరాల్సిన చోటు ఒకటే ఉండాలి. కొందరికి చిన్న గమ్యం, కొందరికి పెద్ద గమ్యం పెట్టి దానికి వైవిధ్య బోధన అని పేరు పెట్టడం మోసం.

ఇక్కడ మన యువకులకు ఒక మాట. సవర లెక్కింపు వినగానే తరగతి చప్పట్లు కొట్టింది. నేనూ మురిసిపోయాను. కానీ ఆ ఏడు ఇద్దరు సవర పిల్లలు లక్షల్లో ఉన్న సంఖ్యను చదవలేకపోయారు. చప్పట్లు కొట్టి వదిలేస్తే అది ఇంకో రకం సీ గ్రూపు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మన పిల్లల చేత థింసా ఆడించి, గోడకు సవర బొమ్మలు వేయించి, మర్నాడు లెక్కల పీరియడ్‌లో వెనక బల్లకు పంపే బళ్ళు నాకు తెలుసు. మన సంఘాల వాళ్ళు ఆ డ్యాన్సుకు వచ్చి ఫోటోలు దిగుతారు. లెక్కల నోటుపుస్తకం చూపించమని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆరో తరగతిలో పగిలేది ఇక్కడే. గిడుగు పర్లాకిమిడిలో మేస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పే బడి పెట్టమన్నాడు. 1931లో సవర వ్యాకరణం, తర్వాత నిఘంటువులు అచ్చయ్యాయి. చాలాకాలం తర్వాత, 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ వంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. మంచి పని. కానీ అది చిన్న తరగతులతోనే ఆగింది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం కూడా మాతృభాషలో బోధన గురించి చెప్పేది ప్రాథమిక దశ వరకే. అంటే అయిదు దాటగానే పిల్ల ఇంటి భాష మాయమవ్వాలని లెక్క. సరిగ్గా అప్పుడే విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం విడివిడి పుస్తకాలై మీద పడతాయి. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి అది ఊతకర్ర. ఇంట్లో సవర మాట్లాడే పిల్లకు రెండు పేజీలూ పరాయివే, మూడో పేజీ లేదు.

ఆ మూడో పేజీ రాయాల్సింది పాఠ్యపథకంలోనే. అదెలాగో విజ్ఞానశాస్త్రం నుంచి ఒకటి చెబుతాను, ఎందుకంటే నేను రాసిన వాటిలో కాస్త నిలబడింది అదొక్కటే. నారల పాఠం. మన మైదానంలో గోగు పండిస్తారు. కోసిన కట్టలను చెరువులో రోజుల తరబడి నానేస్తారు. సూక్ష్మజీవులు కాండంలోని జిగురును తినేస్తే నార ఊడి వస్తుంది. ఆ కంపు ఈ ప్రాంతంలో తెలియని ముక్కు లేదు. కొండమీద వాళ్ళకు అడ్డతీగ నార తెలుసు, దానితో తాళ్ళు పేనుతారు. పుస్తకంలో ఉన్నది పత్తి, జనుము బొమ్మలు. నేను రాసుకున్న ప్రశ్న: గోగు నార గట్టిదా, అడ్డ నార గట్టిదా? వారం ముందే పిల్లలకు చెప్పాను. ఇళ్ళ నుంచి నార తెచ్చారు. చెట్టుకొమ్మకు తాడు కట్టి, కింద బకెట్టు వేలాడదీసి, లీటరు లీటరు చొప్పున నీళ్ళు పోస్తూ, తెగేదాకా లెక్కపెట్టాలి. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి లెక్కల మేస్టారికీ ఇందులో పని దొరికింది.

మొదటిరోజు రభస. గెలిచామని గోగువాళ్ళు అరుస్తుంటే, సీ గ్రూపులో ఉండే ఒక జాతాపు కుర్రాడు లేచి, 'మాది తడిది, వాళ్ళది పొడిది. ఇదేటి పోటీ మేస్టారూ?' అన్నాడు. ఇంకొకడు, 'మాది సన్నం కూడాను' అన్నాడు. పోల్చాలంటే ఒక్కటి తప్ప మిగతావన్నీ సమానంగా ఉంచాలి. శాస్త్రంలో ఇంతకు మించిన పాఠం ఎనిమిదో తరగతి దాకా లేదు. నా పథకంలో అది రాసిలేదు, వాడి నోటి నుంచి వచ్చింది. మర్నాడు అన్ని నారలూ ఒకే పొడవు, ఒకే లావు, ఒకే ఎండ. ఒక్కొక్కటి మూడుసార్లు. రాయగలిగిన వాళ్ళు పట్టికలు, సరాసరులు. రాయలేని వాళ్ళు బొమ్మలు వేసి నోటితో చెప్పడం, కావాలంటే తమ భాషలో చెప్పి తోటివాడి చేత తెలుగు చేయించడం. కానీ వాళ్ళను అక్కడే ఉంచలేదు, వచ్చే వారానికి తెలుగులో మూడు వాక్యాలు రాసి తేవాలి. అందరికీ మళ్ళీ ఒకటే ప్రశ్న: 'నీ మాటకు నీ దగ్గరున్న రుజువేంటి?'

సాంఘికశాస్త్రంలో నేను ఓడిపోయాను. 1757 జనవరి బొబ్బిలి యుద్ధం నాటికి తాండ్ర పాపారాయుడు ఉన్నది ఈ రాజాంలోనే. వార్త సమయానికి అందలేదంటారు. మ్యాపులో స్కేలుతో దూరం కొలవమని, మనిషి నడిస్తే ఎంతసేపు, గుర్రం మీదైతే ఎంతసేపు అని లెక్కకట్టమని చెబితే ఎంత బాగుండేది. నేను మాత్రం రాజుల పేర్లు, తేదీ బట్టీ పట్టించాను. ఆ యుద్ధాల కాలంలో కొండల్లో ఉన్న మనవాళ్ళు ఎలా బతికారన్న ప్రశ్న నాకూ తట్టలేదు.

ఇదంతా చదివి తోటి ఉపాధ్యాయులు అడిగే మాట నాకు తెలుసు: అయిదు తరగతులు, రోజుకు ఏడు పీరియడ్లు, మధ్యాహ్న భోజనం ఫోటోలు, యాప్‌లో హాజరు, ఇన్నిటి మధ్య ఇలా రాయడం అయ్యే పనేనా? కాదు. ప్రతి పాఠానికీ మూడు దారులు రాయమనేవాడు ఎన్నడూ బడిలో చెప్పినవాడు కాడు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్ళు తమ పల్లె బళ్ళకు నేర్చుకునే నిచ్చెన తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆమే చూసుకుని తర్వాతి కార్డు తీసుకునేలా ఏర్పాటు. కర్ణాటకలో నలి కలికి అది దారి చూపింది. అందులో నాకు నచ్చింది, ఎవరూ ఏ వరసలోనూ శాశ్వతంగా ఉండరు. కానీ ఆ కార్డులు ఎవరో ఒకరు కూర్చుని తయారుచెయ్యాలి, అది ఎక్కువగా చిన్న తరగతులకు కుదిరిన పద్ధతి. నలభై నిమిషాలకో గంట మోగే ఉన్నత ప్రాథమిక తరగతులకు అలాగే దించితే కుదరదు. నేను చెప్పేది తక్కువే. నెలకు ఒక పాఠం. ఒక్కటి, ఇద్దరు ముగ్గురు మేస్టార్లు కలిసి నిజంగా రాయండి. మిగతావి ఎలా రాస్తున్నారో అలాగే రాయండి, సంతకాలు ఎలాగూ అవుతాయి.

డిగ్రీ చదివి ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇందులో పని ఉంది. మీ మామ్మ, తాత లెక్కపెట్టే తీరు, కొలిచే తీరు, నారల పేర్లు, నేలల పేర్లు, వాన రకాల పేర్లు మీ భాషలోనూ తెలుగులోనూ పక్కపక్కన రాసి, దగ్గర్లోని బడిలో ఆరో తరగతి చెప్పే మేస్టారి చేతికివ్వండి. సవరలకు ఇంకా ఆ మాటలున్నాయి. మా జాతాపుల ఇళ్ళల్లో చాలా చోట్ల అవి పోయాయి. మా నాయనకు కొన్ని తెలుసు, నాకు రాలేదు.

నారల పాఠానికి రాసిన పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. సామగ్రి అన్నచోట 'అడ్డ నార (హాస్టల్ పిల్లల ఇళ్ళ నుంచి)' అని ఉంది. చూడ్డానికి వచ్చినాయన దాని కింద ఎర్రసిరా గీత గీసి, 'నిర్ణీత సామగ్రి కాదు' అని రాశాడు. ఆ పక్కనే పెన్సిలుతో పిల్లలు వేసిన అంకెలున్నాయి, ఏ తాడు ఎన్ని లీటర్ల దగ్గర తెగిందో.